కార్పెట్ మీద రెండు జతల చేతులు

హిందూపురం రైల్వే స్టేషను వెనక వీధిలో ఒక కల్యాణ మండపం ఉంది. ఆ మండపం ఊడ్చి తుడిచే కుళ్ళాయమ్మకు చచ్చిపోయిన అక్క దయ్యమై వచ్చి పనిలో సాయం చేసి పోతుందని ఆ వీధిలో చెప్పుకుంటారు.

మొదట చెప్పింది పక్కనే ఉన్న చింతపండు గోదాము వాచ్‌మన్ ఓబుళప్ప. మండపం గేటు దగ్గర పూలమ్మే కల్పన దాన్ని నలుగురికీ పంచింది.

"లోపల ఇద్దరు ఆడోళ్ళు మాట్లాడుతాండారు. ఒకరు ఇదో అంటారు, ఇంగొకరు ఊ అంటారు. కిటికీలోంచి తొంగి చూస్తే ఉండేది కుళ్ళాయమ్మ ఒక్కతే! నా ఒళ్ళు జల్లుమనింది" అన్నాడు ఓబుళప్ప.

"తాగినావేమో అన్నా."

"పొద్దున పదకొండు గంటలకు ఎవరన్నా తాగుతారామ్మే?"

"ఎవరో ఏమో. నువ్వయితే తాగుతావు."

పూలు కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. నవ్వినా ఎవరూ కొట్టిపారేయలేదు. కుళ్ళాయమ్మ ఒంటరిగా కూర్చొని "ఇదో" అనడం, అని ఎవరో బదులిస్తారన్నట్టు కాసేపు ఆగడం అంతకుముందే కొందరు విన్నారు. ఒకసారి కల్పనే అడిగింది, "ఎవరితో మాట్లాడుతాండావక్కా?" అని. "మా అక్కతో" అంది కుళ్ళాయమ్మ. "మీ అక్క యాడుంది?" అంటే బకెట్ ఎత్తుకొని వెళ్ళిపోయింది. కళ్ళు తడిగా ఉన్నాయని కల్పన అంటుంది. పోయిన మనిషి కాకపోతే కళ్ళెందుకు తడుస్తాయి?

"పైగా ఆయమ్మే మేనేజర్ సార్‌తో చెప్పింది, మా అక్క వచ్చింది అని. నా చెవులారా విన్నా" అని కల్పన ముగిస్తుంది. ఆ తర్వాత ఎవరూ అడ్డం మాట్లాడరు.

కుళ్ళాయమ్మది ధర్మవరం. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయాడు. పిల్లలు లేరు. అదే సందులో ఉండే అంజనమ్మ ఆమెను పనికి పిలుచుకుపోయింది. అంజనమ్మ ఎనిమిదేళ్ళు పెద్ద. రక్తసంబంధం లేకపోయినా కుళ్ళాయమ్మ మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచింది.

వాళ్ళది అచ్చులు అతికే పని. మగ్గం మీద ఒక అచ్చు, అంటే నిలువు పోగుల వరస, నేత అయిపోయాక కొత్త అచ్చు ఎక్కిస్తారు. పాత పట్టుపోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. అలా వేల పోగులు. పట్టు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుంటారు. కుళ్ళాయమ్మ ఒక పక్క కూర్చొని పోగులు ఒక్కొక్కటే ఏరి అందించేది, అవతలి పక్క నుంచి అంజనమ్మ అందుకొని మెలిపెట్టేది. "ఇదో" అని ఈమె, "ఊ" అని ఆమె. అది వాళ్ళిద్దరూ చేసుకున్న అలవాటు. మధ్యలో పోగులు తెరలాగా ఉండేవి. రోజంతా ఎదురెదురుగా కూర్చున్నా ఒకరికొకరి మొహం సరిగా కనపడేది కాదు. చేతులే కనపడేవి. అంజనమ్మ చేతి మీది ప్రతి మచ్చా కుళ్ళాయమ్మకు తెలుసు.

పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ఏ ఇంట్లో మగ్గం ఖాళీ అయినా, "ఆ ఇద్దరినీ పిలవండప్పా" అనేవారు. పేర్లు కూడా చెప్పేవారు కాదు.

ఆరేళ్ళ కిందట రామచంద్ర అనే నేతగాడి ఇంట్లో అది చెడింది. పచ్చ చీర, ఎర్ర అంచు. అచ్చు అతికి వచ్చిన నాలుగో రోజు రామచంద్ర ఇద్దరినీ పిలిపించాడు. మూరెడు నేసిన పచ్చలో వెంట్రుకంత ఎర్రగీత. ఎక్కడో ఒకచోట ఒక పోగు బదులు రెండు అతికారు. అక్కడి నుంచి అన్నీ ఒక పోగు పక్కకు జరిగి, అంచులో ఉండాల్సిన ఎరుపు పచ్చలోకి వచ్చింది.

"ఎవరి చెయ్యి ఇది?" అన్నాడు రామచంద్ర. అరవలేదు. అరిచినా బాగుండేది.

పోగులు అందించిన చెయ్యి కుళ్ళాయమ్మది. ఆ రోజు ఒళ్ళు కాలుతోంది. రెండు పోగులు ఒకేసారి వేలికి వచ్చిన సంగతి ఇల్లు చేరాక లీలగా గుర్తొచ్చింది కూడా. అయినా నోటికి వచ్చింది వేరే మాట.

"అతికేది అక్క గదన్నా. నేను అందిస్తానంతే."

అంజనమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది. చీర కొంగు దులుపుకొని మెట్లు దిగిపోయింది.

ధర్మవరంలో ఇలాంటి మాట ఒక రోజులో ఊరంతా తిరుగుతుంది. అంజనమ్మకు చూపు తగ్గిందన్నారు. ఎవరూ పిలవలేదు. ఆరు నెలలు చూసి ఆమె పెనుకొండలో తమ్ముడి ఇంటికి మకాం మార్చింది. కుళ్ళాయమ్మను ఇంకో పిల్లతో జతచేసి పనికి పిలిచారు. ఆమె "ఇదో" అంటే ఆ పిల్ల "ఏంది?" అనేది. ఏడాది తిరగకుండానే కుళ్ళాయమ్మ ఆ పని మానేసి, ఎవరో చెబితే హిందూపురం వచ్చి ఈ మండపంలో చేరింది. వంటగది వెనక సామాన్ల గది ఆమెకు ఇచ్చారు. పెళ్ళిళ్ళున్న రోజుల్లో వెయ్యిమంది ఎంగిలాకులు, లేని రోజుల్లో తన అడుగుల చప్పుడు.

పెనుకొండకు వెళ్ళాలని ఆమె చాలాసార్లు అనుకుంది. వెళ్ళి ఆ పోగు నాదేనని చెప్పాలి. అంతే పని. కానీ ఏ మొహంతో గుమ్మంలో నిలబడాలో తెలిసేది కాదు. ఒక పిలుపో, ఒక సాకో ఉండాలి. ఆరేళ్ళుగా ఏదీ దొరకలేదు.

దొరికింది చూయింగ్ గమ్.

ఆ సోమవారం రిసెప్షన్‌కు బెంగళూరు నుంచి ఒక యాంకర్ అమ్మాయి వచ్చింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఆలస్యం చేస్తుంటే, స్టేజి మీదికి పిల్లలను పిలిచి అందరికీ బబుల్ గమ్ములు పంచి, ఎవరు పెద్ద బుడగ ఊదితే వాళ్ళకు బహుమతి అంది. పిల్లలు ఊదారు, ఉమ్మారు, తొక్కారు. వాళ్ళ వెనకే ఫొటోలకు వచ్చిన మూడు వందల జతల చెప్పులు తొక్కాయి. దానిపైన లైట్ల వేడి.

స్టేజి మీద పరిచేది మండపం యజమాని ఎప్పుడో తెప్పించిన ఉన్ని కార్పెట్. ముదురు ఎరుపు మీద పసుపు పూలు. మంగళవారం పొద్దున మేనేజర్ శివశంకర్ దాని చుట్టూ తిరిగి చూసి నాలుక చప్పరించాడు.

"ఇది పోదు కుళ్ళాయమ్మా. కత్తెర తీసుకొని అంటుకున్న కాడికి కత్తిరించెయ్."

"గుంతలు పడతాయి సార్."

"పడనీ. పైన సోఫా వేస్తాం. శుక్రవారం ఇంగో రిసెప్షన్ ఉండాది."

నేతపని చేసిన ఇళ్ళల్లో పోగు తెగితే ముడేస్తారు. చేతులారా కత్తిరించమంటే కుళ్ళాయమ్మ చేతులు వెనక పెట్టుకుంది.

"కత్తెర వద్దు సార్. నేను తీస్తా. గురువారం దాకా టైమియ్యండి."

"సరే, నీ కర్మ. నేను మడకశిర పోతాండా, గురువారం వచ్చి చూస్తా. అప్పటికి కాకపోతే కత్తెరే."

ఆమె లెక్కపెట్టింది. నలభై మచ్చలు. కూల్‌డ్రింకుల అంగడిలో ఐసుగడ్డలు అడిగి తెచ్చి, కవర్లో వేసి ఒక మచ్చ మీద పెట్టింది. కాసేపటికి గమ్ము గట్టిపడి తెల్లబారింది. గరిటె వెనక కొసతో తట్టితే పైపెంకు పెళుసుగా ఊడివచ్చింది. లోపలిది రాలేదు. అది ఉన్ని పోగుల మొదళ్ళకు చుట్టుకొని ఉంది. ఒక్కో పోగును విడదీసి, గోటితో తోసి తీయాలి. విడదీయడానికి రెండు చేతులూ కావాలి, ఐసు పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. ఐసు పక్కన పెట్టి చెయ్యి వేస్తే, ఆ చేతి వేడికే గమ్ము మెత్తబడి మళ్ళీ సాగేది. పొద్దు వాలేసరికి మూడు మచ్చలు పోయాయి.

"ఇదో" అంది అలవాటుగా. ఖాళీ హాలులో ఫ్యాను తిరుగుతోంది.

ఆమె ఫోను తీసింది. అంజనమ్మ తమ్ముడి కూతురు లక్ష్మీప్రియ నంబరు రెండేళ్ళుగా అందులో ఉంది. ఒక్కసారీ నొక్కలేదు.

"ఎవరు?"

"నేను, ధర్మవరం కుళ్ళాయమ్మను. మీ అత్త ఉండాదా?"

"ఉండాది. బట్టలు పిండుతాండాది. ఏమన్నా చెప్పాల్నా?"

చెప్పాల్సింది ఒకటుంది. పిల్లతో చెప్పే మాట కాదు అది.

"హిందూపురంలో కార్పెట్‌కు చూయింగమ్ము అంటుకొనింది అని చెప్పమ్మా."

అవతల ఫక్కున నవ్వింది. "అంతేనా?"

"ఒక జత చేతులతో అయ్యే పని కాదని చెప్పు. గురువారం కత్తెర పెడతారంట అని చెప్పు."

ఫోనులో నీళ్ళ చప్పుడు, ఏవో మాటలు. లక్ష్మీప్రియ మళ్ళీ వచ్చింది. "విన్నాదక్కా. ఏమీ చెప్పలే. బట్టలు పిండుతాండాది."

బుధవారం పొద్దున ప్యాసింజర్ వచ్చి వెళ్ళిన చప్పుడు విని కుళ్ళాయమ్మ గది బయట నిలబడింది. పెళ్ళి లేని రోజు కాబట్టి ముందు గేటుకు తాళం. స్టేషను వైపు సందులోంచి వెనక తలుపుకు వచ్చే దారి ఒకటి ఉంది. ఆ దారిలో అంజనమ్మ చేతిసంచితో వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. నడకలో కొంచెం కుంటు.

"యాడ?" అంది.

కుళ్ళాయమ్మ హాలులోకి చెయ్యి చూపించింది.

అంజనమ్మ స్టేజి ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చొని, ఒక మచ్చను వేలితో తడిమింది. సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. బూడిద.

"గ్యాసు ఇండ్లలో ఇది యాడుంటాది? నీళ్ళు కాగే పొయ్యిలోంచి తెచ్చినా. ఐసు ఉండాదా?"

"తెస్తా."

"నూనె?"

"కొబ్బరినూనె ఉండాది."

"చాలు. ఆ పక్క కూర్చో."

కుళ్ళాయమ్మ కిటికీ వైపు, అంజనమ్మ స్తంభం చాటుకు. అంజనమ్మ ఐసు పెట్టి పట్టుకునేది. గట్టిపడగానే కుళ్ళాయమ్మ తట్టి పెంకు ఊడదీసి, ఒక్కో పోగును విడదీసి పట్టుకునేది. "ఇదో." అంజనమ్మ బూడిద వేళ్ళతో ఆ పోగును మొదలు నుంచి కొస దాకా ఒక్క లాగు లాగేది. గమ్ము బూడిదకు అంటుకొని పొడిగా వచ్చేసేది. "ఊ." మొండిగా ఉన్నచోట ఒక చుక్క నూనె, మళ్ళీ బూడిద. ఒక మచ్చ అయ్యాక తడిగుడ్డ. తర్వాత ఇంకో మచ్చ.

పదకొండు గంటలప్పుడు కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. కుళ్ళాయమ్మ తలెత్తేలోపు ఓబుళప్ప చెప్పులు టపటపమంటూ దూరమైపోయాయి. వాడికి స్తంభం చాటు మనిషి కనపడలేదు.

"ఎవరది?" అంది అంజనమ్మ.

"వాచ్‌మన్."

"ఊ."

వాళ్ళ మధ్య ఈసారి పోగుల తెర లేదు. అంజనమ్మ మొహం ఎదురుగా రోజంతా ఉంది. ఐసుకు బిగిసిన దవడ, పని కష్టమైనచోట కొంచెం ముందుకు వచ్చే కింది పెదవి. పందొమ్మిదేళ్ళు కలిసి పనిచేసి కూడా ఆ పెదవి సంగతి కుళ్ళాయమ్మకు తెలియదు. చెప్పాలి, ఈ మచ్చ అయ్యాక చెప్పాలి అనుకునేది. ఆ మచ్చ అయ్యేది. ఇంకొకటి మొదలయ్యేది.

మధ్యాహ్నం సంగటి, చట్నీ తిన్నారు. "ఉప్పు చాలిందా?" అంది కుళ్ళాయమ్మ. "చాలింది" అంది అంజనమ్మ. వాచ్‌మన్ సంగతి కాక పనికి సంబంధం లేని మాట అదొక్కటే.

ఇరవై తొమ్మిదో మచ్చ దగ్గర అంజనమ్మ చెయ్యి ఆగింది. "ఊ" అనలేదు.

"రెండు" అంది, కళ్ళెత్తకుండానే.

కుళ్ళాయమ్మ చూసుకుంది. నిజమే, వేళ్ళ మధ్య రెండు పోగులున్నాయి. ఒకటి వదిలేసింది. అంజనమ్మ మిగిలినదాన్ని లాగి "ఊ" అంది. పని సాగింది. కుళ్ళాయమ్మ చెవుల్లో మాత్రం ఆ మాటే తిరుగుతోంది. ఉన్నిలో తెలిసిన చేతికి పట్టులో తెలియకుండా ఉంటుందా?

నాలుగున్నరకు నలభయ్యో మచ్చ పోయింది. అంజనమ్మ కార్పెట్‌ను అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు దువ్వి చూసింది. పసుపు పూలు లేచి నిలబడ్డాయి. చేతులు కడుక్కొని సంచి తీసుకుంది.

"అయిదు గంటల బండికి పోతా."

స్టేషనులో సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. అంజనమ్మ తన టికెట్టు తానే తీసుకుంది. సిగ్నల్ పడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎన్నేళ్ళకో.

"అక్కా."

"ఊ."

"రామచంద్రన్న మగ్గంలో ఆ పొద్దు రెండు పోగులు అందించింది నేను."

అంజనమ్మ పట్టాల వైపే చూస్తోంది.

"తెలుసు. నా వేలికి తెలిసింది, అతికినాంక. విప్పాలంటే అప్పటికే ఇంగో మూడు నూర్లు అయిపోయింటాయి. నీకు జరం. పనికి వచ్చేటప్పుడే నీ మొహం చూసింటి, పోనీలే అనుకుంటి. తప్పు నాది గూడా ఉండాది."

"మరి నామీద కోపం..."

"నువ్వు ఆడ అట్లా అన్నందుకని కాదు. భయపడితివి, అంటివి. మనుషులు అంటారు. సామాను బండికి ఎత్తే పొద్దు గూడా నువ్వు రాకపోతివి కుళ్ళాయీ. సందు కొసన నిలబడి చూసి పోతివి. నేను చూసినా."

అది కూడా నిజమే.

బండి వచ్చింది. అంజనమ్మ మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. పెట్టె ఎక్కుతుంటే కుళ్ళాయమ్మ సంచి అందించింది.

"మళ్ళీ వస్తావా అక్కా?"

"పెనుకొండకు రైలు ఈ పక్కనుంచి గూడా వస్తాది" అంది అంజనమ్మ. కోపంగా అందో, పిలిచిందో తెలుసుకునేలోపు బండి కదిలింది.

గురువారం శివశంకర్ వచ్చి కార్పెట్ మీద వంగి వంగి చూశాడు.

"ఏమ్మా, మిషన్ ఏమన్నా తెప్పించినావా? ఒక్కదానివే చేసినావా?"

"ఊ" అంది కుళ్ళాయమ్మ. జనం అడిగినప్పుడు త్వరగా తప్పించుకోవడానికి ఆమె అనే మాట అది. అన్నాక గానీ తెలియలేదు. మళ్ళీ అదే పని. పెద్దమనిషి ముందు నిలబడి, అక్క చేతిని లేకుండా చేసింది.

శివశంకర్ అప్పటికే గేటు దాటుతున్నాడు. ఆమె ఎప్పుడూ పరుగెత్తదు. ఆ రోజు పరుగెత్తింది.

"సార్! నేను ఒక్కదాన్నే కాదు సార్. మా అక్క వచ్చింది. మా అక్కే చేసింది."

శివశంకర్ చెవి దగ్గర ఫోను ఉంది. సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి బండి ఎక్కాడు. విన్నది పక్కన మల్లెలు కడుతున్న కల్పన. దారం చేతిలోనే ఉండిపోయి, గుడ్లప్పగించి చూసింది.

అప్పటి నుంచి ఆ వీధిలో పిల్లలు చీకటి పడితే మండపం వెనక సందులోకి పోరు. కుళ్ళాయమ్మ పూలు కొనడానికి వస్తే కల్పన ఒక మూర ఎక్కువే ఇస్తుంది, "మీ అక్కకు గూడా పెట్టక్కా" అని. కుళ్ళాయమ్మ ఆ మూరను విడిగా కొంగున కట్టుకుంటుంది. సెలవు దొరికిన రోజు స్టేషను దాకా వెళుతుంది. ఒకసారి టికెట్టు కూడా తీసుకొని, బండి వెళ్ళిపోయాక తిరిగి వచ్చింది.

అంజనమ్మ బతికే ఉంది. హిందూపురం నుంచి పెనుకొండకు రైల్లో గంట కూడా పట్టదు.